బుల్లితెర హాస్యానికి హద్దు ఎక్కడ?

నొచ్చుకున్న మనసుకూ నేరానికీ తేడా ఉందంటున్న న్యాయస్థానాలు. ఆచరణలో చెల్లుతున్నది బెదిరింపే

రాయపూర్ (దేవేంద్ర నగర్): హాస్యం పేరిట ఏది పలికినా చెల్లుతుందా? ఎవరి మనసు నొచ్చినా హాస్యనటుడు కటకటాల వెనుకకు వెళ్లవలసిందేనా? గత పదేళ్లుగా దేశంలోని పోలీసు స్టేషన్లను, న్యాయస్థానాలను, టెలివిజన్ సంస్థలను ఈ ప్రశ్నలు వెంటాడుతున్నాయి. నిజానికి చట్టం వీటికి సమాధానం చెప్పే కొలబద్దను ఏనాడో ఏర్పరచుకున్నది. ఆ కొలబద్ద 1946లో నాగపూర్ హైకోర్టులో రూపుదిద్దుకున్నది. ఆనాడు రాయపూర్ ఆ హైకోర్టు పరిధిలోనే ఉండేది. ఎనభై ఏళ్లు కావస్తున్నా ఆ కొలబద్దను వాడడానికి అధికారులు, నిర్వాహకులు వెనుకాడుతూనే ఉన్నారనడానికి, అదే రాయపూర్ నగరంలో 2021 నవంబరులో రద్దయిన ఒక హాస్య ప్రదర్శన నిదర్శనం.

దేవేంద్ర నగర్ మొదలుకొని ఈ నగరంలోని ఏ కాలనీలోనైనా కేబుల్, డిష్ ద్వారా హిందీ హాస్య కార్యక్రమాలు, తెలుగు హాస్య కార్యక్రమాలు రెండూ ఇళ్లలోకి వస్తున్నాయి. ఇక్కడ స్థిరపడిన తెలుగువారు ఉభయ భాషల హాస్యానికీ ప్రేక్షకులే. ఆ రెండింటి చుట్టూ రేగిన వివాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. భాష మారినా, పాలక పార్టీ మారినా వివాదం నడిచే తీరు మాత్రం మారడం లేదు.

రద్దుల పరంపర

గుజరాత్‌కు చెందిన హాస్య కళాకారుడు మునావర్ ఫారూఖీని 2021 జనవరి 1న ఇండోర్‌లో ఒక ప్రదర్శన సందర్భంగా పోలీసులు అరెస్టు చేశారు. హిందూ దేవతలను, కేంద్ర మంత్రిని కించపరిచాడన్నది అతనిపై వచ్చిన ఆరోపణ. కింది కోర్టులలోనూ, మధ్యప్రదేశ్ హైకోర్టులోనూ అతనికి బెయిలు లభించలేదు. చివరకు ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు మంజూరు చేసింది. అరెస్టుకు ముందు పాటించవలసిన విధివిధానాలను పాటించలేదన్న వాదనను ధర్మాసనం పరిగణనలోకి తీసుకున్నది. నేరం రుజువు కాకుండానే అతడు ఐదు వారాలకు పైగా జైలులో గడిపాడు.

బెయిలుతో వివాదం ముగియలేదు. ఆ ఏడాది చివరలో రాయపూర్‌తో సహా పలు నగరాలలో అతని ప్రదర్శనలు హిందూ సంస్థల వ్యతిరేకత, బెదిరింపుల నేపథ్యంలో రద్దయ్యాయి. నవంబరు 28న బెంగళూరులో జరగవలసిన ప్రదర్శన కూడా ఆగిపోవడంతో తాను ఇక విరమిస్తున్నట్లు అతడు ప్రకటించాడు. ఆ సమయంలో ఛత్తీస్‌గఢ్‌లో కాంగ్రెస్, కర్ణాటకలో భారతీయ జనతా పార్టీ అధికారంలో ఉండడం గమనార్హం. ప్రదర్శనకు రక్షణ కల్పించడం కంటే దానిని ఆపివేయడమే సులభమైన శాంతిభద్రతల చర్యగా మారిందన్న విమర్శ అప్పట్లో వినిపించింది.

దీనికి భిన్నంగా వ్యవహరించిన నగరం హైదరాబాద్. 2022 ఆగస్టు 20న శిల్పకళావేదికలో అదే కళాకారుని ప్రదర్శన భారీ పోలీసు బందోబస్తు మధ్య జరిగింది. అడ్డుకుంటామని హెచ్చరించిన గోషామహల్ శాసనసభ్యుడు టి.రాజాసింగ్‌ను పోలీసులు ముందుగానే అదుపులోకి తీసుకున్నారు. అయితే ఆ తర్వాత రెండు రోజులకు ఆయన విడుదల చేసిన వీడియోలో మహమ్మద్ ప్రవక్తను ఉద్దేశించి అనుచిత వ్యాఖ్యలు చేశారంటూ నగరంలో తీవ్ర నిరసనలు చెలరేగాయి. ఆయనపై ప్రయోగించిన ముందస్తు నిర్బంధ చట్టం ఉత్తర్వులను అదే ఏడాది నవంబరులో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. ప్రదర్శనను జరపవచ్చునని హైదరాబాద్ నిరూపించింది. దానికి చెల్లించవలసిన మూల్యం తక్కువేమీ కాదని కూడా అదే నగరం చూపింది.

ఇదిలా ఉండగా, 2021లో వేదిక దొరకని ఆ కళాకారుడే 2024 జనవరిలో హిందీ టెలివిజన్‌లో అత్యంత ప్రజాదరణ గల బిగ్ బాస్ పదిహేడవ విడత విజేతగా నిలిచాడు. ఒక వర్గం మనసు నొప్పించాడన్న వ్యక్తినే మరెందరో ప్రేక్షకులు ఆదరించారు. ‘ప్రజల మనోభావాలు’ అన్న మాటను ఏకవచనంలో వాడడం ఎంత కష్టమో దీనిని బట్టి తెలుస్తుంది.

అనుకరణకు అరెస్టు

టెలివిజన్ హాస్యానికి నేరుగా సంబంధించిన కేసు 2016 నాటిది. కపిల్ శర్మ కార్యక్రమంలో ‘పలక్’ పాత్రతో పేరు తెచ్చుకున్న కికు శార్దా 2015 డిసెంబరు చివర జీ టీవీలో ప్రసారమైన ఒక ప్రత్యేక కార్యక్రమంలో డేరా సచ్చా సౌదా అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్ సింగ్‌ను అనుకరించాడు. డేరా అనుయాయుల ఫిర్యాదుపై హర్యానాలోని కైథల్ పోలీసులు 2016 జనవరి 13న అతనిని అరెస్టు చేసి తీసుకువెళ్లారు. భారత శిక్షాస్మృతి 295ఏ సెక్షన్ కింద కేసు నమోదైంది. కోర్టు మొదట జ్యుడీషియల్ కస్టడీ విధించినా, లక్ష రూపాయల పూచీకత్తుపై అదే రోజు బెయిలు లభించింది. వేషధారణ, మాటలు ఛానెల్ ఇచ్చినవేనని, ఎవరినీ నొప్పించే ఉద్దేశం తనకు లేదని అతడు వివరణ ఇచ్చుకున్నాడు. ఆ తర్వాత డేరా అధిపతి సైతం తనకు ఫిర్యాదు ఏదీ లేదని ప్రకటించాడు.

మరుసటి సంవత్సరం ఆగస్టులో అదే డేరా అధిపతికి అత్యాచారం కేసులలో 20 సంవత్సరాల కారాగార శిక్ష పడింది. ఆ అనుకరణ సమయానికే ఆ కేసులు విచారణలో ఉన్నాయి. అధికారం, పలుకుబడి, అనుచరగణం ఉన్నవారిని వ్యంగ్యం ఎందుకు తాకాలో ఈ కేసు విడమరచి చెబుతున్నది. అంతటివారిని ప్రశ్నించడానికి సామాన్యుడికి నవ్వు తప్ప మరొక సాధనం తరచుగా ఉండదు.

తెలుగు తెరపై

తెలుగువారికి వ్యంగ్యం కొత్త కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క పలికే మొరటు హాస్యాన్ని ఊరంతా కూర్చుని చూసింది. పగటివేషగాళ్లు ఊరి పెద్దల ముందే పెద్దల పోకడలను అనుకరించి బహుమానాలు పొందారు. 1892లో విజయనగరంలో ప్రదర్శితమైన గురజాడ ‘కన్యాశుల్కం’ సొంత సమాజంలోని దురాచారాన్నే నడివీధికి ఈడ్చింది. అయితే ఊరి వేషగాడికి ఎవరి ఎదుట ఏ మాట ఎంతవరకు అనవచ్చునో తెలుసు. టెలివిజన్‌కు ఆ సౌలభ్యం లేదు. ఒక గదిలో నటించిన హాస్యం ఒకేసారి లక్షల ఇళ్లకు చేరుతుంది. చూసేవారిలో ఎవరికి ఏ గాయం ఉన్నదో నటుడికి తెలియదు.

వెండితెరపై జరిగిన ఒక ఉదంతం ఇక్కడ ప్రస్తావించదగినది. ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, 1987లో ఆయనపై వ్యంగ్యాస్త్రంగా ‘మండలాధీశుడు’ చిత్రం విడుదలైంది. అందులో ఆయనను పోలిన పాత్ర ధరించిన కోట శ్రీనివాసరావుపై విజయవాడ రైల్వే స్టేషన్‌లో అభిమానులు దాడి చేశారు. 2025 జూలైలో కన్నుమూసిన కోట ఆ సంఘటనను పలు ఇంటర్వ్యూలలో గుర్తు చేసుకున్నారు. అదే కోట ఆ తర్వాతి కాలంలో శాసనసభ్యుడు కావడం, పద్మశ్రీ అందుకోవడం తెలిసినదే.

బుల్లితెరకు వస్తే 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో ఆరంభమైన ‘జబర్దస్త్’ తెలుగు హాస్య కార్యక్రమాలకు కొత్త ఊపు తెచ్చింది. దానితోపాటే వివాదాలూ వచ్చాయి. న్యాయవ్యవస్థను కించపరిచేలా ఒక స్కిట్ ఉన్నదంటూ 2014లో ఒక న్యాయవాది కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ కోర్టును ఆశ్రయించారు. ఆ ఏడాది చివరలో గౌడ సామాజిక వర్గానికి చెందిన మహిళలను అవమానించారన్న ఆరోపణతో నటుడు వేణుపై హైదరాబాద్‌లో దాడి జరిగింది. 2017లో హైపర్ ఆది స్కిట్‌లోని ఒక మాటపై అనాథల పక్షాన మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు అందింది. 2021 జూన్‌లో ‘శ్రీదేవి డ్రామా కంపెనీ’ కార్యక్రమంలో బతుకమ్మను, గౌరమ్మను, తెలంగాణ భాషను కించపరిచారంటూ తెలంగాణ జాగృతి విద్యార్థి విభాగం ఎల్.బి.నగర్ పోలీసులకు ఫిర్యాదు చేయగా ఆది క్షమాపణ చెప్పాడు.

ఈ నాలుగు సంఘటనలూ ఒకే గాటన కట్టదగినవి కావు. న్యాయవ్యవస్థ తనను తాను కాపాడుకోగల బలమైన వ్యవస్థ. అనాథ బాలలు అలా కాదు. వారికి ఎదురు జవాబు చెప్పడానికి వేదిక లేదు. కల్లు అమ్ముకుని జీవించే మహిళ తనపై వేసిన ఛలోక్తికి నొచ్చుకోవడంలో న్యాయం ఉన్నది. ఆ నొప్పి పేరిట నటుడిపై చేయి చేసుకోవడంలో మాత్రం న్యాయం లేదు. ఫిర్యాదులోని సబబును, ఫిర్యాదు చేసిన పద్ధతిని వేర్వేరుగా తూచవలసి ఉంటుంది. మన బహిరంగ చర్చలలో లోపిస్తున్నది ఈ విచక్షణే.

దృఢచిత్తుల కొలబద్ద

1946లో నాగపూర్ హైకోర్టు ముందుకు వచ్చిన భగవతీ చరణ్ శుక్లా కేసు ఒక పత్రికకు సంబంధించినది. రాతలు ద్వేషాన్ని రేపుతాయా లేదా అన్నది ఎవరి దృష్టితో చూడాలన్న ప్రశ్న తలెత్తింది. వివేకం, మనోనిబ్బరం, ధైర్యం గల వ్యక్తుల దృష్టితో చూడాలే తప్ప, ప్రతి వ్యతిరేకాభిప్రాయంలోనూ ప్రమాదాన్ని పసిగట్టే బలహీన మనస్కుల దృష్టితో కాదని జస్టిస్ వివియన్ బోస్ నిర్ధారించారు. వలస పాలన కాలంలో వెలువడిన తీర్పు ఇది.

ఆ కొలబద్ద 1988లో టెలివిజన్‌కు వర్తించింది. దేశ విభజన నాటి మత కల్లోలాలపై భీష్మ సాహ్ని రచించిన నవల ఆధారంగా గోవింద్ నిహలానీ తీసిన ‘తమస్’ దూరదర్శన్‌లో ప్రసారమవుతుండగా, దానిని నిలిపివేయాలని దాఖలైన పిటిషన్‌ను సుప్రీంకోర్టు ఫిబ్రవరి 16న తోసిపుచ్చింది. సామాన్య ప్రేక్షకుడు గతంలోని తప్పుల నుంచి పాఠం నేర్చుకోగలడని న్యాయస్థానం విశ్వసించింది. ప్రదర్శనలు, ఊరేగింపులు జరుగుతాయన్న బెదిరింపును సాకుగా చూపి భావప్రకటనను అణచరాదని, అది బెదిరించేవారికి లొంగిపోవడమే అవుతుందని 1989లో ఒక తమిళ చిత్రానికి సంబంధించిన రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తాజాగా 2025 మార్చి 28న పార్లమెంటు సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీపై గుజరాత్‌లో నమోదైన కేసును కొట్టివేస్తూ అత్యున్నత న్యాయస్థానం మళ్లీ అదే కొలబద్దను గుర్తు చేసింది. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలలో, భావప్రకటనకు సంబంధించిన ఫిర్యాదు వచ్చినపుడు ముందుగా ప్రాథమిక విచారణ జరపడమే ఉచితమని పోలీసులకు సూచించింది.

ఇందులో చివరి అంశం ఎంతో కీలకమైనది. హాస్యనటులకు తగులుతున్న దెబ్బ సాధారణంగా శిక్ష రూపంలో కాదు, ప్రక్రియ రూపంలో ఉంటున్నది. అరెస్టు, దూర రాష్ట్రానికి తరలింపు, బెయిలు కోసం తిరుగుడు, రద్దయిన ఒప్పందాలు, ఇవన్నీ తీర్పుకు ముందే ముగిసిపోతున్నాయి. ఏళ్ల తర్వాత నిర్దోషిగా తేలినా పోయినది తిరిగి రాదు.

చట్టంలో ఏమున్నది?

రాజ్యాంగం 19వ అధికరణం భావప్రకటనా స్వేచ్ఛను ప్రసాదిస్తూనే శాంతిభద్రతలు, సభ్యత, నైతికత, పరువునష్టం, కోర్టు ధిక్కరణ వంటి కారణాలపై సహేతుకమైన ఆంక్షలను అనుమతించింది. ‘మనోభావాలు’ అన్న మాట ఆ జాబితాలో లేదు. 1927లో శిక్షాస్మృతిలో చేర్చిన 295ఏ సెక్షన్ 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్‌గా కొనసాగుతున్నది. దీని కింద మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. అయితే అనాలోచితంగా జరిగిన అవమానానికి ఇది వర్తించదని, ఉద్దేశపూర్వకంగా, విద్వేషబుద్ధితో మత విశ్వాసాలను అవమానించినపుడే వర్తిస్తుందని 1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వివరించింది.

సినిమాల మాదిరిగా టెలివిజన్ కార్యక్రమాలకు ముందస్తు సెన్సార్ లేదు. కేబుల్ టెలివిజన్ చట్టం, 1995 కింద గల కార్యక్రమ నియమావళియే వాటికి కట్టుబాటు. మతాలను, సామాజిక వర్గాలను కించపరచరాదన్న నిబంధనతోపాటు, ఏ భాషా ప్రాంతీయ సమూహాన్నీ ఎకసెక్కంగా, చిన్నచూపుతో చిత్రించరాదన్న నిబంధన కూడా అందులో ఉన్నది. దీనిని అక్షరాలా అమలు చేస్తే యాసపై వేసే ప్రతి ఛలోక్తీ నిషిద్ధమే అవుతుంది. కనుకనే ఇక్కడ విచక్షణ అవసరం. 2021 జూన్‌లో చేసిన సవరణ ద్వారా మూడంచెల ఫిర్యాదుల వ్యవస్థ ఏర్పడింది. ప్రేక్షకుడు మొదట ఛానెల్‌కే ఫిర్యాదు చేయవచ్చు. ఛానెల్ 15 రోజులలో సమాధానం ఇవ్వాలి. తృప్తి చెందకపోతే స్వీయ నియంత్రణ సంస్థకు, ఆపైన కేంద్ర ప్రభుత్వ పర్యవేక్షక వ్యవస్థకు వెళ్లవచ్చు. దీనిలో అరెస్టు లేదు, దాడి లేదు. క్షమాపణ, సవరణ, హెచ్చరిక ఉన్నాయి. ఈ మార్గం ఉన్నదన్న సంగతి అధిక సంఖ్యాక ప్రేక్షకులకు చేరకపోవడమే విచారకరం.

విదేశాలలోనూ అదే చర్చ

జర్మనీలో 2016 మార్చి 31న జెడ్.డి.ఎఫ్. సంస్థకు చెందిన ఛానెల్‌లో హాస్య వ్యాఖ్యాత యాన్ బోమర్‌మన్ తుర్కియే అధ్యక్షుడు ఎర్దొగాన్‌పై అసభ్యకరమైన పద్యం చదివాడు. విదేశీ అధినేతను అవమానించడం నేరమనే పాత చట్టం కింద విచారణకు చాన్సలర్ మెర్కెల్ అనుమతించారు. నేరం రుజువయ్యే అవకాశం లేదంటూ అదే ఏడాది అక్టోబరులో ప్రాసిక్యూటర్లు విచారణ ముగించారు. పద్యంలోని అత్యంత అసభ్యమైన భాగాలను తిరిగి వినిపించరాదని హాంబర్గ్ సివిల్ కోర్టు నిషేధించింది. ఆ పాత చట్టాన్నే 2018 జనవరి 1 నుంచి జర్మనీ రద్దు చేసుకున్నది. రాజకీయ వ్యంగ్యాన్ని కాపాడుతూనే వ్యక్తిని అసభ్యంగా దూషించిన భాగాన్ని వేరుచేసి చూసిన తీరు ఇందులో గమనించదగినది.

కెనడాలో హాస్య కళాకారుడు మైక్ వార్డ్ అంగవైకల్యం గల ఒక బాల గాయకుడిపై క్రూరమైన ఛలోక్తులు విసిరాడు. 2021 అక్టోబరులో ఆ దేశ సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో వార్డ్‌కు అనుకూలంగా తీర్పు చెప్పింది. మాటలు అసహ్యకరమే అయినా, మనసు నొచ్చినంత మాత్రాన అది వివక్ష కింద రాదని మెజారిటీ అభిప్రాయపడింది. నలుగురు న్యాయమూర్తులు విభేదించారంటేనే గీత గీయడం ఎంత కష్టమో అర్థమవుతుంది. స్వేచ్ఛకు పెట్టని కోటగా చెప్పుకునే అమెరికాలో సైతం 2025 సెప్టెంబరు 17న ప్రసార నియంత్రణ సంస్థ అధిపతి బహిరంగ హెచ్చరిక తర్వాత జిమ్మీ కిమ్మెల్ కార్యక్రమాన్ని ఏబీసీ నిలిపివేసింది. నిరసనలు వెల్లువెత్తడంతో వారం తిరగకముందే పునరుద్ధరించింది.

బలహీనులపై నవ్వు

హాస్యనటులందరూ స్వేచ్ఛా వీరులేమీ కాదు. మన దేశంలో 2025 ఆగస్టు 25న సుప్రీంకోర్టు, వికలాంగులను, అరుదైన జన్యువ్యాధితో బాధపడుతున్నవారిని ఎగతాళి చేశారన్న ఫిర్యాదుపై సమయ్ రైనాతో సహా పలువురు హాస్య కళాకారులను బహిరంగ క్షమాపణ చెప్పవలసిందిగా ఆదేశించింది. డబ్బు కోసం చేసే ప్రసంగానికీ, స్వేచ్ఛగా అభిప్రాయం వెల్లడించడానికీ తేడా ఉన్నదని ధర్మాసనం వ్యాఖ్యానించింది. ఈ వ్యాఖ్యపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. వృత్తిగా చేసే వ్యంగ్యమంతా డబ్బు కోసమే అంటే కార్టూనిస్టుకూ, నాటక రచయితకూ రక్షణ మిగలదు. అయితే ఫిర్యాదుదారులు దాడికి దిగకుండా న్యాయస్థానానికి వెళ్లడం, కారాగారంతో కాక క్షమాపణతో పరిష్కారం వెదకడం హర్షించదగినవి.

రాష్ట్రం వెలుపల నివసించే తెలుగువారికి ఈ నొప్పి కొత్త కాదు. వింధ్యకు దిగువన ఉన్నవారందరినీ ‘మద్రాసీ’లుగా జమకట్టి నవ్వుకున్న హిందీ హాస్యాన్ని వారు దశాబ్దాలుగా చూశారు. తెలుగు చిత్రసీమలోనే తెలంగాణ యాసను హాస్యగాళ్లకు, దుష్టపాత్రలకు పరిమితం చేశారన్న ఆవేదన ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కాలంలో బలంగా వినిపించింది. ఆ చిన్నచూపు ఏ కేసుతోనూ పోలేదు. 2014 తర్వాత ఆ యాస మాట్లాడే నాయికా నాయకులు తెరపైకి వచ్చి ప్రేక్షకుల మన్ననలు పొందడంతో క్రమంగా తగ్గింది. 2014లో స్కిట్ కారణంగా దాడికి గురైన వేణు యెల్దండియే 2023లో దర్శకునిగా ‘బలగం’ తీసి తెలంగాణ పల్లె కుటుంబ జీవితాన్ని గౌరవంగా చూపించాడు. ఊరూరా జనం గుమికూడి ఆ చిత్రాన్ని చూసి కంటతడి పెట్టారు. దాడితోనే అతని నోరు మూతపడి ఉంటే ఆ చిత్రం వచ్చి ఉండేది కాదు.

హాస్యానికి హద్దు ఉన్నది. హింసకు పురికొల్పడం, విద్వేషబుద్ధితో ఒక మతాన్ని అవమానించడం, వ్యక్తిపై అబద్ధపు నింద మోపడం నేరాలే. వాటిని తేల్చవలసినది న్యాయస్థానం. అభిరుచి లేని హాస్యం, బలహీనులపై వేసిన మోటు ఛలోక్తి తప్పులే కాని నేరాలు కావు. వాటిని విమర్శ, ఫిర్యాదు, క్షమాపణ సరిదిద్దాలి. ఈ రెండింటినీ కలగలిపినపుడు గీత గీసే అధికారం ఎవరి గొంతు పెద్దదైతే వారి చేతికి పోతుంది. రాయపూర్‌లో 2021లో రద్దయినది ఒక వ్యక్తి ప్రదర్శన మాత్రమే కాదు. ఆ హాస్యం బాగున్నదో లేదో స్వయంగా చూసి నిర్ణయించుకునే అవకాశాన్ని టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడు కూడా కోల్పోయాడు. 1946 నాటి న్యాయమూర్తి నమ్మకం ఉంచినది ఆ ప్రేక్షకుడి మనోనిబ్బరంపైనే.